అల్లుడుగారి రివాల్వరు పిడి

రివాల్వర్లతో నాకు చాలాకాలంగా పరిచయమని చెబితే కొత్తవాళ్ళు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంటారు. జరుపుకోనక్కర్లేదు. నన్ను చూసి మా వీధి కుక్క కూడా లేవదు. పడుకున్నచోటే ఒక కన్ను తెరిచి, వచ్చింది నేనేనని తెలుసుకుని మళ్ళీ మూసుకుంటుంది. మా ఇంట్లో నావల్ల పుట్టిన పెద్ద శబ్దం తుమ్ము. అదైనా మా ఆవిడ "బయటికెళ్ళి తుమ్మండి" అంటే బయటికెళ్ళి తుమ్మి వస్తాను. ఇక చదువంటారా, ఎనిమిదో తరగతిలో నేను బడిని వదిలేశానని ఊళ్ళో చెప్పుకుంటాను గానీ, ముందు చెయ్యి వదిలింది బడే.

నేను చేసేది రివాల్వర్లకి చెక్క పిడులు. ఇనుముకి నేను చెయ్యి పెట్టను, గుళ్ళ సంగతి నాకు తెలియదు. తుపాకీలో నా వాటా మనిషి పట్టుకునే భాగం వరకే.

మాది బందరు. మా నాన్న, ఆయనకి ముందు మా తాత, కలంకారీ గుడ్డల మీద అద్దకానికి టేకు అచ్చులు చెక్కారు. నా చేతికి ఉలి వచ్చిందీ ఆ పనిలోనే. అచ్చులో అన్నీ తిరగేసి చెక్కాలి. గుడ్డ మీద చిలక కుడివైపు చూడాలంటే చెక్క మీద ఎడమవైపు చూడాలి. రంగులో ముంచి గుడ్డ మీద కొట్టినప్పుడు అది సరైన వైపుకి తిరుగుతుంది. ఆ పని చేసి చేసి మా ఇంట్లో మగవాళ్ళందరికీ లోకం తిరగేసి కనిపించడం అలవాటైందని మా అమ్మ అనేది. తర్వాత స్క్రీను ప్రింటింగు వచ్చింది. మేము రోజంతా కొట్టే గుడ్డని అది టీ తాగి వచ్చేలోపు కొట్టేసింది. అచ్చులు అడిగేవాళ్ళు పోయి, పాత అచ్చుల్ని గోడకి తగిలించుకుంటామని అడిగేవాళ్ళు మిగిలారు.

ఆ రోజుల్లో గుడివాడ నుంచి ఒక బియ్యం మిల్లాయన వచ్చాడు. ఆయన రివాల్వరుకి కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ పిడి పగిలింది. మోటారుసైకిలు మీదనుంచి పడ్డాడట. నడుం పట్టిందన్న బాధకంటే పిడి పగిలిందన్న బాధ ఎక్కువగా ఉంది. "అచ్చులు చెక్కేవాడివి, ఇది చెయ్యలేవా?" అన్నాడు. గుడివాడలో కూలగొట్టిన పాత ఇళ్ళ సామాను అమ్మేచోట ఒక పట్టెమంచం కోడు సంపాదించాను. మంచి జిట్రేగి, ఇప్పటివాళ్ళు రోజ్‌వుడ్ అంటారు. అందులోంచి రెండు ముక్కలు కోసి, ఉలితో చెక్కి, ఆకురాయి పట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, అవిసె నూనె పట్టించాను. ఆయన పట్టుకుని చూసుకుని, అద్దం ముందు కొత్త పెళ్ళికూతురు సిగ్గుపడినట్టు సిగ్గుపడ్డాడు. ఏ నాయనమ్మ పురుడు పోసుకున్న మంచమో, దాని కోడు ఆయన నడుముకి వెళ్ళింది.

అక్కడినుంచి మాట పాకింది. మిల్లులవాళ్ళు, కాంట్రాక్టర్లు, రొయ్యల చెరువులవాళ్ళు. లైసెన్సు ఉన్నవాళ్ళ ప్రపంచం చిన్నది, ఒకరి నడుం దగ్గర ఏముందో ఇంకొకరికి తెలుసు. ఈ డెల్టాలో రివాల్వరు కాల్చినవాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు. పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర లాల్చీ కాస్త పైకెత్తి చూపించినవాళ్ళని చాలామందిని చూశాను. చూపించుకునే వస్తువుకి ప్లాస్టిక్ పిడి బాగోదు కదా. ఎన్నికలు వస్తే మాత్రం తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో డిపాజిట్ చెయ్యాలి. ఊళ్ళో గోడలకి సున్నం వేసేవాడి దగ్గరనుంచి మైకు కట్టేవాడి దాకా అందరికీ పని ఉండే ఆ రోజుల్లో నేనొక్కణ్ణే అరుగు మీద కూర్చుని ఈగలు తోలుకుంటాను.

ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. దాన్నిబట్టే మిగతా కథంతా నడిచింది కాబట్టి చెప్పాలి. రివాల్వరు నా దగ్గర వదిలి వెళ్ళకూడదు. లైసెన్సు ఎవరిదో ఆ మనిషి పక్కనే ఉండాలి. కాబట్టి నేను పని చేసినంతసేపూ, గుళ్ళు తీసి జేబులో వేసుకుని, ఎంత పెద్దమనిషైనా నా ఎదురుగా స్టూలు మీద కూర్చోవలసిందే. ముందు చేతి కొలత. మా ఆవిడ దగ్గర చపాతీ పిండి ముద్ద తీసుకుని ఆయన చేతిలో పెడతాను. గట్టిగా పిడికిలి బిగించమంటాను. ముద్దలో వేళ్ళ గుంటలు పడతాయి. ఏ వేలు బలం, ఏ వేలు సోమరి, బొటనవేలు ఎక్కడ ఆనుతుంది, అన్నీ అందులో ఉంటాయి. దాన్నిబట్టి చెక్క దించుతాను. కాస్త దించడం, పట్టుకోమనడం, మళ్ళీ కాస్త దించడం. చేతిలో చెయ్యి పెట్టి గంటలు గడుస్తాయి. కబుర్లు రాకుండా ఎలా ఉంటాయి? కలెక్టరు ఆఫీసులో వీళ్ళని చూస్తే లేచి నిలబడే మనుషులున్నారు. నా దగ్గర వీళ్ళు కాలు మడుచుకుని కూర్చుని, నేనన్న ప్రతి మాటకీ నవ్వుతారు. ఇంకేం చేస్తారు, కదలడానికి లేదాయె. మంగలి ముందు తల వంచినవాడు మంగలికి స్నేహితుడైపోడు. ఆ ముక్క నాకు తట్టకపోగా, మా అక్కకి కూడా తట్టలేదు.

మా అక్కని దివిసీమలో ఇచ్చాం. పాలకాయతిప్ప వెళ్ళే దారిలో, సముద్రం గాలికి బట్టలు ఎప్పుడూ పూర్తిగా ఆరని ఊరు. మా బావకీ అక్కకీ ఒక్క ఎకరం చిల్లర మాగాణి. తిండిగింజలు, గేదెకి గడ్డి, అంతా అందులోనే. చుట్టుపక్కల పొలాలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులైపోయాయి. చెరువులోకి ఉప్పునీళ్ళు పెడతారు. గట్టు కింద నుంచి ఆ నీళ్ళు ఊటగా పక్క మడిలోకి వస్తాయి. చెరువుకీ పొలానికీ మధ్య ఊట కాలవ తవ్వితే ఆ నీళ్ళు అందులో పడి పోతాయి. తవ్వకపోతే వరి ఎర్రబడి, ఎన్ను బయటికి రాకుండానే ఎండిపోతుంది. అక్క పొలం పక్క చెరువుకి ఊట కాలవ లేదు. ముందటి ఏడాది గట్టు వారన రెండు మళ్ళు ఎర్రబడ్డాయి. ఇంకో ఏడు గడిస్తే మొత్తం పొలమే పోతుందని బావ భయం. పంట కాలవకి నీళ్ళు వదిలేలోగా, ఎండాకాలంలో, నేల గట్టిగా ఉండగానే తవ్వించాలి.

ఆ చెరువు ఎవరిదో నాకు తెలియని రోజుల్లోనే ఆ చెరువులాయన నా దగ్గరికి పిడి కోసం వచ్చాడు.

మనిషి నాకంటే చిన్నవాడు. తెల్లచొక్కా, మెళ్ళో లావుపాటి గొలుసు. వచ్చిన మొదటిరోజే నన్ను "మావయ్యా" అన్నాడు. నేను "అల్లుడుగారూ" అన్నాను. ఆయన నన్ను నువ్వు అనేవాడు, నేను ఆయన్ని మీరు అనేవాణ్ణి. మా వైపు అల్లుడికి ఎలాగూ మర్యాద ఎక్కువ కాబట్టి, ఆ మర్యాద ఎందుకు వచ్చిందో ఎవరూ అడగలేదు.

పిండి ముద్ద చేతిలో పెట్టి బిగించమన్నాను.

"అల్లుడుగారూ, ఎంత మెత్తటి చెయ్యండీ. గలీబు తొడిగితే తల కింద పెట్టుకుని పడుకోవచ్చు."

"నీ నోరు మాత్రం ఉప్పుకాగితం మావయ్యా. చెక్కకి వేరే కొనుక్కోవడం దేనికి, దాంతోనే రుద్దెయ్."

"రుద్దేవాణ్ణే అండి, మా ఆవిడ ఒప్పుకోదు. అది ఇంట్లో వాడకానికే సరిపోతుందంటుంది."

ఆయన స్టూలు మీద ఊగి ఊగి నవ్వాడు. నవ్వే మనిషంటే నాకు బలహీనత. నవ్వినవాడు మంచివాడని చిన్నప్పుడెవరో చెప్పి ఉంటారు, చదువుకోలేదు కాబట్టి నమ్మేశాను.

రెండోసారి వచ్చినప్పుడు మాటల్లో ఆయన చెరువులెక్కడో చెప్పాడు. ఆకురాయి నా చేతిలో ఆగింది. సాయంత్రం అక్కకి ఫోను చేశాను.

"ఆయనా? నీ దగ్గరికి వస్తాడా?" అంది అక్క.

"వచ్చి కూర్చుంటాడు. నవ్వుతాడు. మావయ్యా అంటాడు."

"మేం వాళ్ళ గడప దగ్గరికి వెళ్తే గుమాస్తా తలుపు కూడా తియ్యడురా. నీ ముందు గంటలు గంటలు కూర్చుంటాడంటే ఇంకేం కావాలి? ఊట కాలవ సంగతి ఒక్క మాట అను. నీ మాట కాదనడు."

నాకూ అలాగే అనిపించింది. మనిషి పిడికిలి నాకు తెలుసు. చూపుడువేలు దగ్గర పాత దెబ్బ తాలూకు కాయ ఎక్కడుందో తెలుసు, చిటికెన వేలు పిడిని పట్టుకోకుండా గాలిలో తేలుతుందని తెలుసు. ఇంత తెలిసినవాడి మాట వినడా అనుకున్నాను. వడ్రంగి పనిలో ఒక మనిషిని ఇంత దగ్గరగా చూసినవాడు ఎవరైనా అలాగే అనుకుంటాడు. మిగతా పనులవాళ్ళకి ఈ భ్రమ రాదు. కలుపు తీసేవాడికి, చెరువులో మేత వేసేవాడికి దొరగారి చెయ్యి పట్టుకునే అవకాశం ఉండదు కదా.

మూడోసారి వచ్చినప్పుడు, చెక్క దించుతూ, నాకు వచ్చిన పద్ధతిలోనే కదిపాను.

"అల్లుడుగారూ, మీ చెరువు గట్టు పక్కన ఒక మూల ముక్క ఉంటుంది చూడండి, అది మా అక్క వాళ్ళదండి."

"ఆ ముక్కా? మీ అక్కదా? ఇన్నాళ్ళూ చెప్పలేదేం మావయ్యా."

"చెబితే నిజంగానే చుట్టరికం కలుపుతారని భయపడ్డానండి."

మళ్ళీ ఊగి నవ్వాడు.

"పక్కన చిన్న ఊట కాలవ తీయిస్తే మా అక్క నన్ను తమ్ముడినని ఒప్పుకుంటుందండి. ఇప్పటిదాకా మా అమ్మ ఎక్కడో తెచ్చుకుందనే అనుమానం తనకి."

"ఓస్, అదెంత పని. ఎలాగూ పొక్లెయిన్ ఆ పక్కకి వస్తుంది. వచ్చినప్పుడు ఒక గీత గీకించేద్దాం."

అక్కకి చెప్పాను. "అయిపోయిందే అక్కా. గీత గీకిస్తానన్నాడు."

"ఎప్పుడు?"

"అది అడగలేదు. అడిగితే ఏం బాగుంటుంది?"

"బాగుండకపోతే పోయింది. నాకు పొలం బాగుండాలి. నారు పోసుకోవాలో వద్దో నేను తేల్చుకోవద్దూ?"

ఆ పిడి మీద నేను పెట్టినంత పని మా నాన్న కూడా ఏ అచ్చు మీదా పెట్టి ఉండడు. పని బాగుంటే మాట నిలబడుతుందని నాకో నమ్మకం. ఆయన తన ఊరు హంసలదీవి పక్కన కాబట్టి పిడికి రెండు పక్కలా హంస ఉండాలన్నాడు. ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. మెడ చాచి, ముక్కు ముందుకి పెట్టి, గొట్టం ఎటు చూస్తుందో అటే చూస్తున్న హంస. కాగితం మీద గీసుకుని, చెక్క మీద పెట్టి, రెక్కల్లో ఒక్కొక్క ఈకా విడిగా కనిపించేలా చెక్కాను. ఒక పక్కది అయ్యాక రెండోది. రెండూ నూనె పట్టించి ఆరబెట్టి, ఆయన వచ్చాక రివాల్వరుకి ఆనించి మర బిగించి చూసుకున్నాను. హంసలు రెండూ వెనక్కి తిరిగి ఉన్నాయి. గొట్టం అటు, హంసలు ఇటు, పట్టుకున్నవాడి కడుపు వంక చూస్తున్నాయి.

అచ్చు చెక్కే చెయ్యి. నేను కాగితం చూసి గీశాననుకున్నాను. చెయ్యి మాత్రం దాని తాతల పని అది చేసుకుపోయింది, బొమ్మని తిరగేసి చెక్కింది. ఇక దీన్ని గుడ్డ మీద కొట్టేవాడెవడు, సరైన వైపుకి తిప్పేవాడెవడు? ఊట కాలవ అక్కడే పూడిపోయిందనుకున్నాను.

చెరువులాయన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"మావయ్యా, ఇది నా వంక చూస్తోందేంటి?"

నోరు నన్ను ఆదుకుంది. అప్పటిదాకా ఎప్పుడూ ఆదుకునేది.

"ఎదుటివాడికి గొట్టం కనపడితే చాలదాండీ? వాడికి హంసతో పనేముంది. హంసని మీరు చూసుకోవాలి, మీ సొమ్ము కదా."

ఒక్క క్షణం ఆలోచించి, తొడ మీద కొట్టుకుని నవ్వాడు. "నిజమే. అందరివీ అటు చూస్తాయి. నాది ఇటు చూస్తుంది." మర్నాటికల్లా ఆ మాట ఆయన సొంత ఆలోచనై ఊరంతా తిరిగిందని విన్నాను.

ఆ వారంలోనే అక్క ఫోను చేసింది. "పొక్లెయిన్ వచ్చిందిరా."

"చెప్పానా?"

"వచ్చింది. గట్టు ఇంకాస్త ఎత్తు చేసి, పక్క చెరువులోకి దిగింది. గీతా లేదు, గాతా లేదు. నడిపేవాణ్ణి అడిగితే తనకెవరూ చెప్పలేదన్నాడు."

ఆయనకి ఫోను చేశాను. "అయ్యో మర్చిపోయాడా వెధవ," అన్నాడు. "ఒక పని చెయ్ మావయ్యా. మీ అక్కావాళ్ళని, ఇంకా అటుపక్క రైతులెవరైనా ఉంటే వాళ్ళని తీసుకుని షెడ్డు దగ్గరికి రా. ఎదురుబొదురు కూర్చుని మాట్లాడేసుకుందాం. మనమూ మనమూ మాట్లాడుకుంటే పోయేదానికి గొడవెందుకు?"

బస్సులో చల్లపల్లి, అవనిగడ్డ దాటి వెళ్తుంటే నాకు పెళ్ళిచూపులకి వెళ్తున్న మధ్యవర్తికి ఉండేంత దర్జా ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. మా ఆవిడ అడిగింది కూడా, "తుపాకీ పట్టుకునేవాళ్ళ దగ్గరికి వెళ్తూ తెల్లచొక్కా ఎందుకండీ, మరక కనపడుతుంది" అని. ఆవిడ జోకు వేసిందని నాకప్పుడు తెలియలేదు. ఆవిడెప్పుడూ వేయదు.

షెడ్డు చెరువు గట్టు మీదే. రొయ్యలకి గాలి అందడానికి పెట్టిన చక్రాలు నీళ్ళలో తిరుగుతూ నురుగు చిమ్ముతున్నాయి. మేత బస్తాల వాసన. అక్క, బావ, వాళ్ళ పొలం అవతల పొలమున్న ఒక పెద్దాయన అప్పటికే వచ్చి నిలబడి ఉన్నారు. చెరువులాయన దగ్గర ఆయన గుమాస్తా, మేత చూసుకునే ఇద్దరు మనుషులు ఉన్నారు.

"మావయ్యా, నువ్విటు రా," అని పక్కనున్న కుర్చీ లాగాడు. నేను కూర్చున్నాను. మా అక్క నిలబడింది. బావని బస్తా మీద కూర్చోమన్నాడు గానీ, అది మేత బస్తా, మీద కూర్చోవచ్చో లేదో తెలియక బావ దాని పక్కన నిలబడ్డాడు. కొబ్బరిబోండాలు వచ్చాయి. మొదటిది నాకిచ్చారు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "బాబూ, ఆ ఊట నీరు..."

"ఉండు పెద్దాయనా, ముందు ఇది చూడు," అని చెరువులాయన నడుం దగ్గర నుంచి రివాల్వరు తీసి బల్ల మీద పెట్టాడు. "గుళ్ళు తీసేశానులే, భయపడకండి."

ఆ మాట అనేదాకా ఎవరూ భయపడలేదు.

"మా మావయ్య చెక్కాడు. చూడండి ఆ ఈకలు. ఇట్లాంటిది ఈ చుట్టుపక్కల ఎవడికీ లేదు. హంస నా వంకే చూస్తుంది, చూశారా? కావాలనే అలా చేయించా. పట్టుకుని చూడు పెద్దాయనా, ఏం కాదు."

పెద్దాయన తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు. తుడుచుకుని, పట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. బావ కళ్ళు బల్ల మీదనుంచి కదల్లేదు. చెరువులాయన బెదిరించాడని ఎవరైనా అంటే అది అబద్ధం. ఆయన మొహంలో కోపం లేదు, గొంతులో గట్టితనం లేదు. పొగిడాడంతే. నా పనిని, నన్ను, జిట్రేగిని, ఉలిని పొగిడాడు. "చెప్పు మావయ్యా, ఆ కర్ర ఎక్కడిదో చెప్పు," అన్నాడు. మంచం కోడు అన్నాను. "మంచం కోడట," అని గుమాస్తా వంక చూశాడు. గుమాస్తా నవ్వాడు. ఊట నీరు అన్న మాట పెద్దాయన నోట్లోనే ఉండిపోయింది. ఎవరెటు మాట్లాడినా మాట ఆ పిడి దగ్గరికే వచ్చి ఆగుతోంది. అక్క నా వంకే చూస్తోంది.

నేను బోండాం కింద పెట్టాను.

"అల్లుడుగారూ, ఒక్కమాట. కాలవకి నీళ్ళొచ్చేలోగా ఊట కాలవ తవ్వించండి. తవ్వకపోతే వీళ్ళ పొలాలు పోతాయి. మా అక్కకి ఇంకో పొలం లేదు. ఇది వేళాకోళానికి అనడం లేదండి."

నా జీవితంలో జోకు లేకుండా అంత పొడుగు మాట నేనెప్పుడూ అనలేదు. అప్పుడు చెరువులాయన నా మొహం వంక చూసి, పగలబడి నవ్వాడు.

"చూశారా, మొహం ఎలా పెట్టాడో చూశారా? వేళాకోళం కాదంట." కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ, "మావయ్యా, నువ్వు ఈ నాటకాల్లోకి వెళ్ళాల్సిందయ్యా," అన్నాడు.

గుమాస్తా నవ్వాడు. మేత మనుషులు నవ్వారు. యజమాని నవ్వుతుంటే నవ్వకుండా ఉండటం వాళ్ళ ఉద్యోగంలో లేదు. పెద్దాయన కూడా, మర్యాదకి, పళ్ళు కనపడేలా నవ్వాడు. మా బావ పెదాలు కూడా కదిలాయి. ఆ మనిషిని నేనేమీ అనను. బల్ల మీద అది ఉండగా, అది పెట్టినవాడు నవ్వుతుంటే, ఏ రైతైనా అంతే చేస్తాడు. నేను మళ్ళీ "నిజంగానే అంటున్నానండి" అన్నాను. ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఊరందరినీ నవ్వించిన మొహం ఇది. ఏడ్చినా అందులో నవ్వే కనపడుతుందని ఆ పూట తెలిసింది.

అక్క నవ్వలేదు. నవ్వులు ఆగేదాకా నిలబడి, "అయిందా అండీ? ఎప్పుడు తవ్విస్తారో చెప్పండి," అంది.

చెరువులాయన వెంటనే మెత్తబడ్డాడు. ఆ మెత్తదనం నాకు తెలుసు, పిండి ముద్దలో చూశాను. "అమ్మా, మీరు మా మావయ్యకి అక్కగారు. మీకు నష్టం జరగనిస్తానా? కాలవ తవ్వితే నా గట్టు జారుతుంది, మీకూ ఇబ్బందే. ఆ ముక్క నాకు లీజుకి ఇచ్చేయండి. ఎండ, వాన, ఎలుకలు, ఏ బాధా ఉండదు. మావయ్య మధ్యలో ఉన్నాడుగా, మాట పోదు."

నేను మధ్యలో ఉన్నానన్నది నిజం. కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టాడు. రివాల్వరు తీసుకుని నడుముకి పెట్టుకున్నాడు. పెట్టుకునేముందు హంస మీద బొటనవేలుతో ఒకసారి రాశాడు. మాటలైపోయాయి. అందరం గట్టు దిగాం. దారిలో బావ "పని బాగా చేశావోయ్, ఈకలు భలే వచ్చాయి," అన్నాడు. ఆ మనిషి మంచితనం చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అక్క ఒప్పుకోలేదు. కాలవకి నీళ్ళు వచ్చాయి, నాట్లు వేసింది. పై ఆఫీసులకి కాగితం పెడదామని నేనంటే, "ఇక నువ్వేం మాట్లాడొద్దు, వాళ్ళూ నవ్వుతారు" అంది. పెద్దాయనా బావా కలిసి పెట్టారు. ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, షెడ్డులో బోండాం తాగి, గట్టు మీద నడిచి వెళ్ళాడు. గట్టు వారన మొదలైన ఎరుపు మడి మడికీ పాకింది. ఎన్ను పొట్టలోనే ఎండింది. కోతలప్పుడు గేదె కూడా ఆ గడ్డి వాసన చూసి మొహం తిప్పుకుందట. తర్వాతి ఎండాకాలం బావ లీజు కాగితం మీద సంతకం పెట్టాడు. పొక్లెయిన్ ఈసారి ఎవరూ చెప్పకుండానే ఆ ముక్కలోకి దిగింది.

పిడులు చేయడం మానేశానని రాస్తే ఇక్కడ బాగుంటుంది. మానలేదు. చెరువులాయన పిడి చూసి ఇంకా నలుగురు వచ్చారు. ఒకాయన నెమలి అడిగాడు, ఇంకొకాయన సింహం. అందరూ బొమ్మ తమ వంక చూసేలా చెక్కమంటున్నారు, అది ఫ్యాషనైంది. స్టూలు మీద కూర్చుంటారు. నేనిప్పుడు మాట్లాడను. ఆకురాయి చప్పుడే వినిపిస్తుంటే వాళ్ళకి తోచదు. "ఏంటండీ, మీరు చాలా సరదా మనిషని చెప్పారే," అంటాడు ఒకాయన. చెయ్యి బిగించండి అంటాను.

మొన్న చలికాలంలో గుడివాడలో కర్ర చూసుకుని, అటునుంచి అటే కూచిపూడి మీదుగా బస్సెక్కి అక్క దగ్గరికి వెళ్ళాను. దారి పొడుగునా మొవ్వ దాకా కోతలు జరుగుతున్నాయి, పనలు వేసి ఉన్నాయి. అవనిగడ్డ దాటాక పచ్చ రంగు పోయి చక్రాల చప్పుడు మొదలైంది. అక్క అన్నం పెట్టింది. షాపు బియ్యం. బావ చెరువు మీద కాపలాకి వెళ్ళాడు, సొంత పొలం ఉన్నచోటే, చెరువులాయనే పని ఇచ్చాడు. అన్నం తింటుంటే ఇద్దరికీ మాట లేదు. మాట లేకుండా కూర్చోవడం నాకు చేతకాదు. కొట్లో ఎవరి ముందైనా మూసుకోగలను గానీ, అక్క ముందు నోరు దాని తాతల పని అది చేస్తుంది.

బయల్దేరేముందు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అన్నాను. "అక్కా, దేశంలో పెద్దమనుషులందరికీ పిడులు చేశాను, నీకే ఒక్కటీ చేసివ్వలేదు. నీకూ ఏదైనా కావాలంటే చెప్పు. మంచి జిట్రేగిలో చెక్కి తెస్తాను, నీ చేతికి దిగేట్టు."

అక్క చాటలో షాపు బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. తలెత్తలేదు.

"పొలం ఉన్న రోజుల్లో, కొడవలి పిడి ఊడిందిరా, ఒకటి చేసి పెట్టమన్నాను. తీరిక లేదు, అల్లుడుగారి పని ఉందన్నావు. ఇప్పుడు బంగారంతో చేసి తెచ్చినా, నేను కొయ్యడానికి ఏముందిరా?"